ఆయిల్ సీలు నూనెను ఎలా ఆపుతుంది, ఎప్పుడు ఆపలేదు

సార్వా దమ్ములు మొదలైన పదిహేను రోజులకల్లా భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ ట్రాక్టరు షెడ్డులో చూసినా ఒకటే తగువు. ట్రాక్టరు వెనక తిరుగుతూ మన్ను చిలికే రోటవేటరుకు కొత్త సీలు వేయించి వారం తిరగలేదు, మళ్ళీ ఆయిలు కారుతోంది. షాపువాడు డూప్లికేటు అంటగట్టాడని రైతు అంటాడు. మెకానిక్కు వంకరగా కొట్టాడని షాపువాడు అంటాడు. షాఫ్టే పోయిందని మెకానిక్కు అంటాడు. రొయ్యల చెరువుల మీద ఇదే గొడవ నీటికి గాలి పట్టించే ఏరియేటరు గేర్‌బాక్సు గురించి నడుస్తుంది. అక్కడ కారిన ఆయిలు నీటి మీద తెట్టు కట్టి కళ్ళెదుటే కనిపిస్తుంది కాబట్టి కంగారు ఇంకాస్త ఎక్కువ.

ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉండొచ్చు. ఎవరిది ఎంతో తేలాలంటే సీలు, అంటే షాఫ్టు బయటికి వచ్చే చోట దాని చుట్టూ బిగించే రబ్బరు రింగు, అసలు ఏం చేస్తుందో ముందు చూడాలి. రబ్బరు షాఫ్టును గట్టిగా కరుచుకుని నూనెకు అడ్డంగా నిలబడుతుందని చాలామంది అనుకుంటారు. షాఫ్టు ఆగి ఉన్నప్పుడు అంతే. తిరగడం మొదలయ్యాక కథ మారుతుంది.

సీలు మీది అంకెలు, లోపలి ఆకారం

సీలు ముఖం మీద 35-52-7 లాంటి మూడు అంకెలు ఉంటాయి. మొదటిది షాఫ్టు వ్యాసం, రెండోది సీలు కూర్చునే గూడు వ్యాసం, మూడోది సీలు మందం. అన్నీ మిల్లీమీటర్లలోనే. పక్కన టీసీ అని ఉంటే రెండు లిప్పులు, లోపల స్ప్రింగు, చుట్టూ రబ్బరు తొడుగు ఉన్న రకం. ఎస్‌సీ అంటే లిప్పు ఒక్కటే.

లిప్పు అంటే షాఫ్టును తాకే పల్చటి రబ్బరు అంచు. బిగించకముందు దాని లోపలి వ్యాసం షాఫ్టు కన్నా సుమారు ఒక మిల్లీమీటరు తక్కువగా ఉంటుంది, అందుకే ఎక్కగానే పట్టుకుంటుంది. కొత్త సీలులో ఆ పట్టు వెడల్పు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లే. టీసీ రకంలో బయటి వైపున్న రెండో లిప్పుకు స్ప్రింగు ఉండదు. దాని పని దుమ్మును ఆపడమే. నూనెకూ దానికీ సంబంధం లేదు.

అసలు లిప్పును అడ్డంగా కోసి చూస్తే రెండు వాలులు సమానంగా కనిపించవు. నూనె వైపు వాలు నిటారుగా, 40 నుంచి 50 డిగ్రీలు ఉంటుంది. గాలి వైపు 20 నుంచి 30 డిగ్రీలే. స్ప్రింగు కూడా లిప్పు కొనకు సరిగ్గా పైన కాక కాస్త గాలి వైపుకు జరిగి ఉంటుంది. ఇదంతా కావాలని చేసిన తేడా. సీలు పనితనమంతా ఈ తేడాలోనే ఉంది.

లిప్పు కింది నూనె పొర

షాఫ్టు తిరుగుతున్నప్పుడు లిప్పు ఇనుము మీద నేరుగా రాసుకోదు. మధ్యలో సుమారు ఒక మైక్రాను మందం నూనె పొర ఏర్పడి లిప్పు దాని మీద తేలుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. ఈ పొర లేకపోతే రబ్బరు నిమిషాల్లో మాడుతుంది. అంటే సీలు బతకాలంటే దాని కింద నూనె ఉండి తీరాలి.

మరి ఆ నూనె బయటికెందుకు రాదు? లిప్పు కొన మీద కంటికి కనపడని గరుకు ఉంటుంది. షాఫ్టు తిరిగే దిక్కుకు ఆ గరుకు సాగి, ఏటవాలు రెక్కల మాదిరి నిలబడి, కిందికి చేరిన నూనెను పక్కకు తోస్తుంది. రెండు వాలులూ సమానంగా ఉంటే ఇటు తోసిందీ అటు తోసిందీ సరిపోయేది. వాలుల్లో తేడా వల్ల నికరంగా తోపు గాలి వైపు నుంచి నూనె వైపుకే ఉంటుంది. అంటే సీలు ఒక చిన్న పంపు. బాగున్న సీలు తిరుగుతుండగా బయటి వైపు రెండు చుక్కల ఆయిలు వేస్తే అది లోపలికి లాగేసుకుంటుంది. స్ప్రింగు వైపు ఎప్పుడూ నూనె వైపే ఉండాలనే నియమం ఇక్కడి నుంచి వచ్చిందే. తిరగేసి వేస్తే అదే పంపు గేర్‌బాక్సును బయటికి ఖాళీ చేస్తుంది.

లిప్పు అంచున కనపడే సన్నటి తడి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తడి ఉండి చుక్క కట్టకపోతే, పొర సరిగ్గానే ఉందని అర్థం. తుడిచిన గంటకు చుక్క జారితే అది కారడం. ఈ రెంటికీ తేడా చూడకుండా తడి కనపడగానే సీలు మార్చేవాళ్ళు బాగున్నదాన్ని తీసిపారేస్తున్నారు.

పొర ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు తెగుతుంది అనేది వేగం, నూనె చిక్కదనం, లిప్పు ఒత్తిడి కలిసి తేలుస్తాయి. జర్మనీకి చెందిన రిచర్డ్ స్ట్రైబెక్ 1902లో బేరింగుల ఘర్షణ మీద చేసిన కొలతల నుంచి వచ్చిన సూత్రమే సీలుకూ వర్తిస్తుంది. వేగం బాగా తక్కువగా ఉంటే పొర తెగి రెండు తలాలూ తగులుతాయి, ఘర్షణ పెరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ పొర నిలిచి ఘర్షణ తగ్గుతుంది. మరీ పెరిగితే నూనెను కోసుకుపోవడానికే బలం ఖర్చై మళ్ళీ పెరుగుతుంది. సీలు ఎక్కువగా అరిగేది మొదలయ్యే క్షణంలోనూ, ఆగే క్షణంలోనూ, నత్తనడక నడిచే షాఫ్టు మీదా.

రాపిడికి పోయే బలం కొంచెమే, వేడి మాత్రం ఒకే చోట

లెక్క వేసి చూద్దాం. ఏరియేటరు మోటారు నుంచి గేర్‌బాక్సులోకి వచ్చే షాఫ్టు 25 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 1,440 చుట్లు అనుకుందాం. చుట్టుకొలత 78.5 మిల్లీమీటర్లు. సెకనుకు 24 చుట్లు కాబట్టి లిప్పు కింద షాఫ్టు తలం సెకనుకు దాదాపు 1.9 మీటర్లు పరుగెడుతుంది. లిప్పు ఒత్తిడి మిల్లీమీటరుకు 0.15 న్యూటన్లు, ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే రాపిడి బలం 4.7 న్యూటన్లు, ఖర్చయ్యే శక్తి 9 వాట్లు. ఒక హెచ్‌పీ మోటారులో ఇది నూటికి ఒకటిన్నర పాలు కూడా కాదు. కరెంటు బిల్లులో కనపడదు.

కానీ ఆ 9 వాట్లూ పుట్టేది 0.2 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలో. మొత్తం వైశాల్యం 16 చదరపు మిల్లీమీటర్లకు మించదు. గేర్‌బాక్సు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్నా లిప్పు కింద నూనె అంతకంటే ఇరవై ముప్పై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండొచ్చు. మామూలు నల్ల నైట్రైల్ రబ్బరు ఎక్కువకాలం ఓర్చేది సుమారు 100 డిగ్రీలు. ఆ పైన రబ్బరు గట్టిపడి, లిప్పుకు సన్న పగుళ్ళు పడి, షాఫ్టు కొద్దిగా ఊగినా దాని వెంట కదలలేకపోతుంది. వైటన్ రబ్బరు 200 డిగ్రీల దాకా ఓరుస్తుంది కాబట్టి ఇంజను క్రాంకు షాఫ్టు వెనక సీలుకు దాన్ని వాడటంలో అర్థముంది. సెకనుకు అర మీటరు తిరిగే రోటవేటరు షాఫ్టుకు వైటన్ వేయించడం మాత్రం దండగ. అక్కడ చంపేది వేడి కాదు, మన్ను. మన్నుకు వైటన్, నైట్రైల్ కన్నా గట్టిదేమీ కాదు. రంగును బట్టి రబ్బరును పోల్చడం కూడా ప్రమాదమే. గోధుమ రంగు వేసిన నైట్రైల్ సీళ్ళు బజారులో దొరుకుతాయి.

8 వేల కిలోమీటర్లు నడిచేదీ, 178కే పోయేదీ

పైన చెప్పిన ఏరియేటరు షాఫ్టు రోజుకు 12 గంటలు తిరిగితే లిప్పు కింద రోజుకు 81 కిలోమీటర్లు నడుస్తుంది. వంద రోజుల వనామీ పంటకు అది 8,100 కిలోమీటర్లు. శుభ్రమైన నూనెలో నడిచిన సీలు అంత దూరమూ పోయి, ఇంకో పంటకు పనికిరావడం మామూలే.

ఇప్పుడు రోటవేటరు. ట్రాక్టరు వెనక యంత్రాలను తిప్పే పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్ల మీద ఉన్నప్పుడు రోటరు నిమిషానికి 200 పైచిలుకు చుట్లు తిరుగుతుంది. 210 అనుకుని, 45 మిల్లీమీటర్ల షాఫ్టుకు లెక్కేస్తే సెకనుకు 0.5 మీటర్లు. సీజనులో వంద గంటల దమ్ము చేస్తే మొత్తం నడక 178 కిలోమీటర్లు. ఏరియేటరు సీలు నడిచినదానిలో నలభై అయిదో వంతు. అయినా ముందు పోయేది ఇదే.

దూరం అరుగుదలను తేల్చదు. పొరలో ఏముందో అది తేలుస్తుంది. గోదావరి ఒండ్రులో బంకమన్నుతో పాటు 2 నుంచి 50 మైక్రాన్ల సన్న రేణువులు ఉంటాయి. వాటిలో చాలా భాగం క్వార్ట్జ్. ఒక మైక్రాను పొరలోకి ఇరవై మైక్రాన్ల రేణువు దూరితే పొర లేనట్టే. పైగా దమ్ములో సీలు బయటి ముఖం ఎప్పుడూ బురదలో మునిగే ఉంటుంది. లిప్పు బయటినుంచి లోపలికి పంపు చేస్తుందని ఇందాకే అనుకున్నాం. బయట ఉన్నది బురద నీరైతే అది పంపు చేసేది దాన్నే. అందుకే పాత రోటవేటరు డ్రెయిన్ ప్లగ్గు విప్పితే మజ్జిగ రంగు ఆయిలు వస్తుంది. ఆయిలు కారి పోవడం కన్నా నీళ్ళు లోపలికి రావడమే గేర్లకూ బేరింగులకూ పెద్ద నష్టం. కారడం కనపడుతుంది, ఇది కనపడదు.

గడ్డి సంగతి వేరే. దాళ్వా (రెండో పంట) కోత తర్వాతి దుబ్బులు, చేలో పడి ఉన్న నైలాను తాడు ముక్కలు రోటరు చివర చుట్టుకుని, చుట్టుమీద చుట్టు బిగుసుకుంటూ సీలు ముఖం మీదికి నొక్కుతాయి. నైలాను పోగు లిప్పు కిందికి వెళ్ళిందంటే రబ్బరు బ్లేడుతో కోసినట్టు తెగుతుంది. పడవ ప్రొపెల్లరు షాఫ్టుకు వల దారం చుట్టుకున్నప్పుడు జరిగేదీ అదే.

ఏరియేటరులోనూ రెండు సీళ్ళ బతుకులు రెండు రకాలు. మోటారు వైపు సీలు వేగంగా తిరిగినా నూనెలో ఉంటుంది. రెక్కల వైపు షాఫ్టు నిమిషానికి వంద చుట్ల దగ్గర తిరుగుతుంది, అంటే 25 మిల్లీమీటర్ల షాఫ్టు మీద సెకనుకు 0.13 మీటర్లు. ఆ వేగానికి పొర నిండుగా కట్టదు. పైగా ఉప్పునీటి చెరువుల్లో పగలు ఏరియేటరు ఆపినప్పుడు లిప్పు అంచున నీరు ఆరి ఉప్పు పలుకులు గడతాయి. సాయంత్రం స్విచ్చి వేయగానే మొదటి చుట్లన్నీ ఆ పలుకుల మీదే.

మెత్తటి రబ్బరు గట్టి ఇనుమును ఎలా కోస్తుంది

పాత షాఫ్టు మీద సీలు కూర్చునే చోట మెరిసే గాడి కనపడుతుంది. రబ్బరు ఇనుమును అరగదీయడమేమిటని సందేహం రావాలి. అరగదీసేది రబ్బరు కాదు. రేణువు మెత్తటి లిప్పులో గుచ్చుకుని అక్కడే ఉండిపోతుంది, కింద షాఫ్టు తిరుగుతూ ఉంటుంది. లిప్పు కాస్తా గరుకు కాగితం అవుతుంది. క్వార్ట్జ్ కాఠిన్యం గట్టి చేసిన ఇనుము కన్నా ఎక్కువ. మెత్తటిది రేణువును పట్టుకుంటుంది, గట్టిది కోత పడుతుంది.

అందుకే సీలు కూర్చునే చోట షాఫ్టు కాఠిన్యం రాక్‌వెల్ సి అనే గట్టిదనపు కొలమానం మీద కనీసం 45, మన్ను తగిలే చోట 55 ఉండాలంటారు. ఉప్పునీటికి తుప్పు పట్టదని వాడే 304 రకం స్టెయిన్‌లెస్ షాఫ్టు ఈ లెక్కన చాలా మెత్తన. దానికి ఇంకో జబ్బు కూడా ఉంది. గాలి ఆడని సందులో, అంటే సరిగ్గా లిప్పు కింద, ఉప్పునీరు నిలిస్తే స్టెయిన్‌లెస్‌కు కూడా చిన్న చిన్న గుంటలు పడతాయి. ఒక్కో గుంట లిప్పు అంచును గీరే గోరే.

గాడిని గోటితో అడ్డంగా గీసి చూడొచ్చు. గోరు తట్టుకుంటే ఆ షాఫ్టు మీద ఏ సీలు వేసినా ఎక్కువ రోజులు ఆగదు. కొత్త సీలు లిప్పు పాత గాడిలో పడితే పట్టు వదులవుతుంది, గాడి అంచు మీద పడితే తెగుతుంది. దారులు మూడు. గూడులో చోటుంటే సీలును రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిపి కూర్చోబెట్టడం మొదటిది, అన్నిటికన్నా చవక. గాడి మీద సుమారు 0.28 మిల్లీమీటర్ల మందం స్టెయిన్‌లెస్ తొడుగు ఎక్కించడం రెండోది. అంత పల్చన కాబట్టి అదే సైజు సీలు సరిపోతుంది. మూడోది వెల్డింగు పోసి లేత్ మీద మళ్ళీ తిప్పించడం. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే, ఎక్కువగా చెడేదీ ఇదే.

లేత్ మీద మిగిలిపోయే మర

లేత్ మీద టూలు పక్కకు జరుగుతూ కోస్తుంది కాబట్టి తిప్పిన ప్రతి షాఫ్టు మీదా కంటికి ఆనని మర గీతలు ఉంటాయి. ఆ మర నూనె పాలిట స్క్రూ. ఒక దిక్కుకు తిరిగితే నూనెను లోపలికి లాగుతుంది, రెండో దిక్కుకు తిరిగితే బయటికి తోడుతుంది. లిప్పు పంపు చేసేదాని కన్నా ఈ మర తోడేది ఎక్కువైతే కొత్త సీలు, కొత్త షాఫ్టు, అయినా మొదటి రోజు నుంచే ధార. తగువులన్నిటిలోకీ చిక్కుది ఇదే, ఎందుకంటే చూడటానికి అన్నీ బాగుంటాయి.

ఉండవలసిన నునుపు 0.2 నుంచి 0.8 మైక్రాన్ల ఆర్‌ఏ (తలం మీది ఎత్తుపల్లాల సగటు). మరీ అద్దంలా ఉన్నా చెడ్డే, నూనె నిలవదు, లిప్పు ఎండుతుంది. గ్రైండింగు రాయి పక్కకు జరగకుండా నేరుగా లోనికి ఆనించి తీసిన తలం మేలు. ఎమరీ కాగితంతో తుది నునుపు తెచ్చేటప్పుడూ అంతే. కాగితాన్ని షాఫ్టు వెంట అటూ ఇటూ ఆడిస్తే మళ్ళీ మర పడుతుంది.

మర ఉందో లేదో తేల్చే పరీక్ష లేత్ షాపులోనే చేయొచ్చు. షాఫ్టుకు పల్చగా ఆయిలు రాసి, మీదుగా నూలు దారం వేసి, కొసకు సుమారు 30 గ్రాముల బరువు వేలాడగట్టి, నిమిషానికి 60 చుట్ల వేగంతో తిప్పుతారు. దారం ఉన్నచోటే ఉంటే మర లేదు. ఒక పక్కకు జరిగి, వెనక్కి తిప్పితే రెండో పక్కకు జరిగితే మర ఉన్నట్టే.

గేర్‌బాక్సుకు ఊపిరి ఆడకపోతే

గేర్‌బాక్సు పైన చిన్న బ్రీదరు, అంటే లోపలి గాలి వచ్చిపోయే రంధ్రం, ఉంటుంది. దమ్ములో దానికి బురద పట్టి ఎండి మూసుకుపోతుంది. పెయింటు వేసేటప్పుడు మూసినవీ ఉంటాయి. మూసుకుంటే లిప్పు మీద ఎంత ఒత్తిడి పడుతుందో చూద్దాం. మామూలు సీలు ఓర్చేది 0.2 నుంచి 0.3 బార్ మాత్రమే.

2 లీటర్ల గేర్‌బాక్సులో 1 లీటరు ఆయిలు, 1 లీటరు గాలి ఉన్నాయనుకుందాం. 30 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు వేడెక్కితే గాలి ఒత్తిడి 13 శాతం పెరుగుతుంది. ఆయిలు కూడా సుమారు 28 మిల్లీలీటర్లు ఉబ్బి గాలి చోటును తగ్గిస్తుంది. రెండూ కలిసి పెరిగే ఒత్తిడి 0.17 బార్ దగ్గర. సీలు తట్టుకుంటుంది.

అదే గేర్‌బాక్సులో, కారిపోతోంది కదా అని, ముందుజాగ్రత్తగా 1.8 లీటర్లు నింపారనుకోండి. గాలికి మిగిలింది 200 మిల్లీలీటర్లు. అదే వేడికి ఆయిలు 50 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది, గాలి 150లో ఇరుకుతుంది. ఒత్తిడి 0.5 బార్ దాటుతుంది. లిప్పు షాఫ్టుకు నొక్కుకుని పొర తెగుతుంది, వేడెక్కుతుంది, చివరికి తిరగబడుతుంది. కారుతోందని ఎక్కువ పోయడం వల్ల ఎక్కువ కారడం ఇలా జరుగుతుంది. లెవెల్ ప్లగ్గు ఉన్నది అందుకే.

చల్లబడేటప్పుడు కథ తిరగబడుతుంది. వేడికి గాలి కొంత లిప్పు కింద నుంచి తప్పించుకుని, ఆ తర్వాత 70 నుంచి 30 డిగ్రీలకు దిగితే లోపల ఒత్తిడి బయటికన్నా సుమారు 0.12 బార్ తక్కువవుతుంది. అది 1.2 మీటర్ల ఎత్తు నీటిని పైకి లాగే బలం. మధ్యాహ్నం వేడెక్కిన రోటవేటరును భోజనాల వేళ బురదలోనే దించి ఉంచితే, నడుస్తున్న ఏరియేటరు మీద జోరు వాన పడి గేర్‌బాక్సు చల్లబడితే, లిప్పు దాటి నీరు లోపలికి వచ్చేది అప్పుడే.

చిక్కటి ఆయిలు, గ్రీజు, జంట సీళ్ళు: ఎవరి వాదన ఎంత

90 నంబరు గేరు ఆయిలు బదులు ఇంకా చిక్కటి 140 పోస్తే కారడం తగ్గుతుందనేది బాగా నమ్మకమున్న మాట. గాడి పడిన షాఫ్టు మీద అది కొంత నిజం. 140 రెట్టింపు చిక్కన, సందులోంచి మెల్లగా జారుతుంది. ఊడ్పుల మధ్యలో యంత్రం ఆపలేని రైతుకు ఆ నాలుగు రోజులు చాలు. కాకపోతే చిక్కటి ఆయిలును గేర్లు చిలకడానికి ఎక్కువ వేడి పుడుతుంది, ఆ వేడి లిప్పు దాకా వస్తుంది. బాగున్న సీలుకు 140తో ఒరిగేదేమీ లేదు.

ఆయిలు తీసేసి గ్రీజు నింపేవాళ్ళూ ఉన్నారు. కారడం ఆగుతుంది, నిజమే. గేరు పళ్ళు గ్రీజులో తమ దారి తవ్వుకుని ఆ సందులో ఒట్టిగా తిరుగుతాయి. తోసిన గ్రీజు తిరిగి పళ్ళ మీదికి జారదు. పైన ఉన్న బేరింగుకూ లిప్పుకూ ఏమీ అందదు. నిదానంగా తిరిగే చిన్న పెట్టెలకు గ్రీజు పెట్టే తయారీదారులున్నారు గానీ, వాళ్ళు వాడేది ఆ పనికని చేసిన జారుడు గ్రీజు. బేరింగు గ్రీజు కాదు.

జంట సీళ్ళ మీద మెకానిక్కుల్లోనే రెండు పక్షాలు. రెండింటినీ నూనె వైపుకే తిప్పి వరసగా వేసేవారు ఒక పక్షం. మొదటిది బాగా ఆపితే రెండోదానికి నూనె అందదు, అది మాడి పెళుసెక్కుతుంది, మొదటిది పోయేనాటికి రెండోది ఎప్పుడో పోయి ఉంటుంది. వీపులు ఆనించి, లోపలిది నూనె వైపుకూ బయటిది బురద వైపుకూ తిప్పి, మధ్య సందులో గ్రీజు పెట్టేవారు రెండో పక్షం. బయటి లిప్పు తోపు బయటికి ఉంటుంది కాబట్టి బురదను వెనక్కి నెడుతుంది, గ్రీజు దానికి పొర అవుతుంది. దమ్ము పనికి ఈ పద్ధతిలోనే అర్థం ఎక్కువ. చిక్కు ఒకటే, ఆ గ్రీజు మెల్లగా బయటికి పోతుంది. గ్రీజు నిపిలు లేని చోట సీజను మధ్యకే సందు ఖాళీ. టీసీ సీలులో రెండు లిప్పుల మధ్య కూడా మూడో వంతు గ్రీజు పెట్టాలనేది ఇందుకే. నిండా కూరితే వేడికి ఉబ్బి దుమ్ము లిప్పును పైకి లేపుతుంది.

చుక్క పడాల్సిన చోట ఆపేస్తే

పొర సూత్రం అందరికన్నా బాగా కనపడేది చెరువు గట్ల మీది, కాలువ గట్ల మీది పంపుల గ్లాండు దగ్గర. గ్లాండు అంటే షాఫ్టు చుట్టూ తాడు కూరి నట్లతో బిగించే చోటు. ఆ తాడు షాఫ్టు మీది స్లీవును (తొడుగును) ఒరుసుకుంటూ ఉంటుంది. దాన్ని తడిపేది, చల్లబరిచేది కారే నీరే. నిమిషానికి 40 నుంచి 60 చుక్కలు పడాలి. చుక్క 0.05 మిల్లీలీటర్లు అనుకుంటే 60 చుక్కలు నిమిషానికి 3 మిల్లీలీటర్లు, పది గంటలకు 1.8 లీటర్లు. పంపు తోడే నీటిలో అది లెక్కలోకి రాదు. చుక్క కూడా పడకూడదని నట్లు బిగిస్తే గంటలో కమురు వాసన వస్తుంది, తాడు గట్టిపడి స్లీవును కోస్తుంది. ఆ తర్వాత ఎంత బిగించినా ధార ఆగదు.

మోనోబ్లాకు పంపుల్లోని మెకానికల్ సీలుకు ఈ చుక్కలు అక్కర్లేదు. కార్బన్ ముఖం, సిరామిక్ ముఖం ఒకదానిమీద ఒకటి నీటి పొర మీద జారతాయి. నీరు లేకుండా ఆడిస్తే సిరామిక్ పగులుతుంది.

నూనెను కావాలని కాల్చే ఇంజను

ఇప్పటిదాకా చూసిన వేగాలు సెకనుకు రెండు మీటర్లు దాటలేదు. పొర నిలబెట్టడం ఎంత కష్టమో హద్దు చూడాలంటే రోటరీ ఇంజను చూడాలి. దీనికీ రోటవేటరుకూ పేరులో తప్ప పోలిక లేదు. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన మీద ఎన్‌ఎస్‌యూ కంపెనీ 1957లో మొదటి నమూనాను నడిపింది. జపాన్ మజ్దా 1967లో కాస్మో స్పోర్ట్ కారులో పెట్టింది. పిస్టను ఉండదు. మూడు మూలల రోటరు, నడుం నొక్కిన కోడిగుడ్డు ఆకారపు గదిలో తిరుగుతుంది. ఒక్కో మూలన ఒక సన్నటి పట్టీ ఉంటుంది, దాన్ని ఏపెక్స్ సీలు అంటారు. పేలుడు వాయువును పక్క గదిలోకి పోనివ్వకుండా ఆపేది అదే.

మజ్దా 13బి ఇంజనులో రోటరు మధ్య నుంచి మూల దాకా 105 మిల్లీమీటర్లు, షాఫ్టు మధ్య నుంచి రోటరు మధ్య పక్కకు తప్పుకున్న దూరం 15 మిల్లీమీటర్లు. రోటరు షాఫ్టు వేగంలో మూడో వంతు తిరుగుతుంది. 6,000 చుట్ల దగ్గర లెక్కేస్తే ఏపెక్స్ సీలు గోడ మీద సెకనుకు 12.6 నుంచి 31.4 మీటర్ల మధ్య వేగం మార్చుకుంటూ జారుతుంది. రోటవేటరు లిప్పు కన్నా అరవై రెట్లు దాకా ఎక్కువ. జారుతూనే గోడ మీద ఇటు 25 డిగ్రీలు, అటు 25 డిగ్రీలు వాలుతుంది. అందుకే దాని అంచు గుండ్రంగా ఉంటుంది.

పిస్టను రింగుకు కింద క్రాంకు కేసు నుంచి నూనె చిందుతుంది. ఏపెక్స్ సీలు రాసుకునే గోడకు ఆ వసతి లేదు. కాబట్టి చిన్న పంపుతో కొలిచి కొంచెం కొంచెం ఇంజనాయిలును గదిలోకే వదులుతారు, అది పెట్రోలుతో పాటు కాలిపోతుంది. ఆయిలు తగ్గుతోందని రోటరీ కారు యజమాని కంగారు పడితే, తగ్గకపోతేనే కంగారు పడాలని చెప్పాలి. పొర కోసం నూనెను పోగొట్టుకోవడం అక్కడ డిజైనులోనే ఉంది. మన చేలల్లో పెట్రోలు స్ప్రేయరుకు లీటరుకు 40 మిల్లీలీటర్ల టూస్ట్రోక్ ఆయిలు కలపడంలో ఉన్నదీ ఇదే అవసరం.

తొలి ఇంజన్లలో గోడ మీద అడ్డంగా అలల్లాంటి గీతలు పడేవి. మజ్దా ఇంజనీర్లు వాటికి దెయ్యపు గోళ్ళ గుర్తులని పేరు పెట్టారు. సీలు తన సహజ కంపనంతో గోడ మీద దడదడలాడటమే కారణమని తేలింది. సీలులో అడ్డంగా, నిలువుగా బోలు రంధ్రాలు వేసి కంపనాన్ని మార్చారు. ఉత్పత్తికి వచ్చేసరికి అల్యూమినియం ఇంకించిన కార్బన్ సీలు పెట్టారు. 2023లో వచ్చిన ఎంఎక్స్-30 కారులో 830 సీసీ రోటరీ చక్రాలను తిప్పదు, బ్యాటరీకి కరెంటు పుట్టిస్తుంది. అందులో సీలు మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లకు పెరిగింది.

ఇక్కడా వాదన తెగలేదు. ఇంజనాయిలులో ఉండే లోహపు కలుపులు కాలితే బూడిద మిగిలి సీలు గాడిలో చేరుతుంది కాబట్టి టూస్ట్రోక్ ఆయిలును పెట్రోలులోనే కలుపుకోవడం మేలని ఒక పక్షం. యాక్సిలరేటరు వదిలేసి వాలులో దిగేటప్పుడు పెట్రోలు ఆగిపోతుంది, దాంతో ఆ నూనె కూడా ఆగిపోతుంది, సీలు మాత్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి కొలిచే పంపును తీయరాదని రెండో పక్షం. రెండూ కలిపి వాడేవారు లేకపోలేదు.

విప్పిన సీలును చదవడం

షెడ్డులో తగువు తేల్చేది పాత సీలే. విప్పిన వెంటనే పారేస్తారు గానీ, దాన్ని తుడిచి వెలుతురులో చూస్తే ముప్పాతిక సమాచారం అక్కడే ఉంటుంది.

లిప్పు గట్టిపడి, మెరిసి, వంచితే పగుళ్ళు తేలితే అది వేడి దెబ్బ: పొర లేక ఎండి తిరిగింది, లేదా ఆయిలు తక్కువైంది. బిగించేటప్పుడు లిప్పుకు ఆయిలు రాయకుండా ఒట్టిగా ఎక్కించినా ఇదే గుర్తు. అలాంటిది మొదటి అయిదు నిమిషాల్లోనే పోయి, బయటపడటానికి వారం పడుతుంది.

లిప్పు ఉబ్బి మెత్తగా, సాగినట్టు ఉంటే డీజిలుతోనో పెట్రోలుతోనో కడిగి ఉంటారు. అరుగుదల పట్టీ ఒక పక్క వెడల్పుగా, ఎదుటి పక్క సన్నగా ఉంటే సీలు వంకరగా కూర్చుంది, లేదా బేరింగు అరిగి షాఫ్టు ఒక పక్కకు వాలింది. బేరింగుదైతే పది సీళ్ళు మార్చినా ఫలితం ఒకటే. సుత్తితో అంచు మీద కొట్టిన గుంట ఉంటే వంకర ఎక్కడిదో వెతకక్కర్లేదు. సీలు బయటి వ్యాసానికి దగ్గరి పైపు ముక్క ఆనించి కొడితే అది రాదు.

ఒక్కచోటే నిలువు కోత ఉంటే అది షాఫ్టు మీది కీ గాడి అంచో, స్ప్లైను (షాఫ్టు పొడుగునా ఉండే) పళ్ళో చేసిన పని. ఎక్కించే ముందు వాటి మీద టేపు చుట్టి ఉంటే తెగేది కాదు. స్ప్రింగు గాడిలో లేకుండా గేర్‌బాక్సు అడుగున దొరికితే, అది కొట్టే దెబ్బకు జారింది. లిప్పు నిండా రేణువులు గుచ్చుకుని చేతికి గరుగ్గా తగిలితే మన్ను, షాఫ్టు మీద గాడి కూడా ఉండే ఉంటుంది.

ఇక లిప్పు కొత్తదానిలా ఉండి, షాఫ్టు నున్నగా ఉండి కూడా కారిందంటే బ్రీదరు విప్పి ఊది చూడాలి. అది బాగుంటే దారం పరీక్ష. అదీ బాగుంటే ఆయిలు లిప్పు దగ్గర కాక, గీతలు పడిన గూడు అంచు నుంచో స్ప్లైను పళ్ళ సందుల నుంచో వస్తోంది. అక్కడ లిప్పును తప్పు పట్టి లాభం లేదు, కారింది దాని కింద నుంచి కాదు.